హైస్కూల్ బేస్‌బాల్ కోచ్: అసలు అదొక ఉద్యోగమేనా? ముప్పై ఏళ్లు చేసినవాడి జవాబు

మీరు రాసింది చదివాను. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నారు, అబ్బాయి పదకొండో తరగతి, స్కూల్ వర్సిటీ టీమ్‌లో, అంటే మొదటి జట్టులో, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) ఆడుతున్నాడు. మొన్నటిదాకా కంప్యూటర్ సైన్స్ అన్నవాడు ఇప్పుడు టీచరై హైస్కూల్లో బేస్‌బాల్ కోచింగ్ చేస్తానంటున్నాడు. అసలు అదొక ఉద్యోగమేనా, జీతం ఎంత, ముప్పై ఏళ్లయ్యాక చేతిలో ఏం మిగులుతుంది, వాడికి ఎలా నచ్చజెప్పాలి అని అడిగారు. చివరి ప్రశ్న మాత్రం నన్ను అడగకూడదు. మా నాన్న నాకు నచ్చజెప్పలేక 1991లోనే వదిలేశారు.

నేను టెక్సస్‌లోనే 1991 నుంచి 2021 దాకా పబ్లిక్ స్కూళ్లలో లెక్కలు చెబుతూ బేస్‌బాల్ కోచింగ్ చేశాను. మొదటి తొమ్మిదేళ్లు అసిస్టెంట్‌ని, ఆ తర్వాత హెడ్ కోచ్‌ని. తెలుగువాళ్ల ఫంక్షన్లలో ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అని అడిగితే చెప్పేవాణ్ణి. "అది సరేనండీ, ఉద్యోగం?" అనేవాళ్లు. కాబట్టి మీ ప్రశ్న నాకు కొత్త కాదు, కోపమూ రాలేదు.

మాది తెనాలి. 1979లో నాన్న ఉద్యోగం మీద హ్యూస్టన్ వచ్చాం, అప్పుడు నాకు 11 ఏళ్లు. టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడిన చేతులు కదా, బేస్‌బాల్ గ్రౌండ్‌లో మొదటిరోజు గ్లౌ తీసి పక్కన పెట్టి ఒట్టి చేతులతో క్యాచ్ పట్టాను. అరచేయి వాచింది. కోచ్ నవ్వలేదు, గ్లౌ ఎందుకు తీశావని మాత్రం అడిగాడు. అది వేసుకుంటే బంతి చేతికి తెలియట్లేదన్నాను. ఆయన పాతబడి మెత్తబడిన చిన్న గ్లౌ ఒకటి తెచ్చి, ఇందులో తెలుస్తుందిలే అన్నాడు. సెకండ్ బేస్‌లో ఆడేవాళ్లకి చిన్న గ్లౌ కావాలని, పెద్ద గ్లౌ లోతుల్లో బంతి ఇరుక్కుపోతే డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దర్ని ఔట్ చేసే అవకాశం, పోతుందని తర్వాతెప్పుడో తెలిసింది. అలా నేను సెకండ్ బేస్‌మన్‌ని అయ్యాను.

టీమ్‌లో నిలబడ్డది మాత్రం ఆట వల్ల కాదు. టెక్సస్ శాసనసభ 1984లో ఒక చట్టం చేసింది. ఏ సబ్జెక్టులోనైనా 70 మార్కులు రాకపోతే అప్పట్లో ఆరు వారాలు మ్యాచ్‌లు ఆడనిచ్చేవాళ్లు కాదు. 'నో పాస్, నో ప్లే' అనేవాళ్లు. 1985 వసంతంలో అది అమల్లోకి వచ్చేసరికి నాకంటే బాగా ఆడే ఇద్దరు అల్జీబ్రాలో తప్పి కూర్చున్నారు. వాళ్ల జాగాలో నన్ను దింపారు. ఈ ముక్క మీ వాడికి చెప్పండి, కోచ్ అయ్యాక పనికొస్తుంది. జనవరిలో తయారైన టీమ్‌లో సగం మంది మార్చికి రిపోర్ట్ కార్డు దగ్గర రాలిపోతారు. నేను ప్రాక్టీస్ అయ్యాక డగౌట్‌లో కూర్చోబెట్టి ఫ్రాక్షన్లు చెప్పిన రోజులు బ్యాటింగ్ చెప్పిన రోజులకి తక్కువేం కాదు.

హైస్కూల్ అయ్యాక రెండేళ్లు జూనియర్ కాలేజీలో, అంటే ఇక్కడ డిగ్రీ మొదటి రెండేళ్లు చదివే కాలేజీలో, ఆడాను. అక్కడ కర్వ్‌బాల్ నన్ను ఓడించింది. భుజం దగ్గర మొదలై మోకాలి దగ్గర పడే ఆ బంతిని నేను ఏనాడూ సరిగా చూడలేకపోయాను. యూనివర్సిటీకి మారాక ఆడటం మానేశాను. తర్వాత తెలిసిందేమంటే, ఆట సులువుగా వచ్చినవాళ్లలో చాలామంది మంచి కోచ్‌లు కాలేరు. "బంతిని చూసి కొట్టు" అంటారు. ఎలా చూడాలో వాళ్లనెవరూ అడగలేదు, వాళ్లూ ఆలోచించలేదు. మీ వాడు ఏదైనా ఒకటి ఎంతకీ రాక కొట్టుమిట్టాడిన రకమైతే మంచిదే.

ఇక ఉద్యోగం సంగతి. టెక్సస్ పబ్లిక్ స్కూళ్ల ఆటలన్నీ యూఐఎల్ అనే సంస్థ కింద నడుస్తాయి. కోచ్ మామూలుగా ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థలో) పూర్తికాలం ఉద్యోగి అయి ఉండాలన్నది దాని నియమం. బయటినుంచి సాయంత్రం వచ్చి కోచింగ్ చేసి పోతానంటే కుదరదు. అంటే మీ వాడు ముందు టీచర్. కొత్త టీచర్‌కి డాలస్ చుట్టుపక్కల డిస్ట్రిక్టుల్లో ఏడాదికి 60 వేల డాలర్ల చుట్టూ ఇస్తున్నారు. కోచింగ్‌కి దానిమీద స్టైపెండ్ అని కొంత కలుపుతారు. నా మొదటి ఏడాది స్టైపెండ్‌ని గంటలతో భాగించి చూశాను, లెక్కల టీచర్ని కదా. గంటకి రెండు డాలర్లు కూడా రాలేదు. మళ్లీ ఎప్పుడూ ఆ భాగహారం చేయలేదు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. కోచ్ కావాలనుకునే కుర్రాళ్లలో ఎక్కువమంది హిస్టరీ సర్టిఫికేషన్ తీసుకుంటారు, లేదంటే పీఈ (వ్యాయామ విద్య). ఒక్క ఖాళీకి గుంపులుగా వస్తారు. మీ వాడిని లెక్కలో సైన్సో తీసుకోమనండి. ప్రిన్సిపాల్‌కి ఫిజిక్స్ టీచర్ దొరకడమే గగనం, వాడికి బేస్‌బాల్ కూడా వచ్చంటే ఎగిరి గంతేస్తాడు. కంప్యూటర్ సైన్స్ చదివినా పోయేదేమీ లేదు, అదీ బళ్లో చెప్పే సబ్జెక్టే. డిగ్రీ అయ్యాక ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ద్వారా, అంటే వేరే డిగ్రీ చేసినవాళ్ల కోసం ఉన్న దారిలో, టీచర్ కావచ్చు. కాబట్టి ఈ ఏడాది మీ ఇంట్లో గొడవ అక్కర్లేదు. డిగ్రీ ఏది చేసినా దారి మూసుకుపోదు.

ఇంకోటి, ఎవరూ ముందు చెప్పనిది. టెక్సస్‌లో ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) పెద్దన్న. చిన్న ఊళ్లలో బేస్‌బాల్ కోచ్‌ని తీసుకునేటప్పుడే ఫుట్‌బాల్‌లో అసిస్టెంట్‌గా ఏం చూస్తావని అడుగుతారు. నేను పదకొండేళ్లు ఆగస్టు ఎండలో ఫుట్‌బాల్ పిల్లల వెనక పరిగెత్తాను. ఆ ఆటలో నాకు పట్టు ఎప్పటికీ రాలేదు. బస్సు నడిపే లైసెన్స్ కూడా తీసుకోవలసి వచ్చింది. మ్యాచ్ ఓడిపోయి, రాత్రి పదకొండింటికి, వెనక 20 మంది చెమట కంపు కొడుతూ నిద్రపోతుంటే, పసుపు బస్సు నడుపుకుంటూ రావడం కూడా ఉద్యోగంలో భాగమే.

సీజన్ జనవరి చివర ప్రాక్టీస్‌తో మొదలై, ఫిబ్రవరి చివర్లో మ్యాచ్‌లు పడి, గెలుస్తూ పోతే జూన్ దాకా సాగుతుంది. మా లీగ్ మ్యాచ్‌లు మంగళవారం, శుక్రవారం ఉండేవి. ఉగాది, శ్రీరామనవమి సరిగ్గా ఆ నడుమే వస్తాయి. మా ఆవిడ ముప్పై ఉగాది పచ్చళ్లు చేస్తే నేను ఇంట్లో ఉండి తిన్నవి ఏడో ఎనిమిదో. మిగతావి డబ్బాలో పెట్టి ఇస్తే డగౌట్‌లో తిన్నాను. ఒకసారి మా క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) రుచి చూస్తానని నోట్లో వేసుకుని, వేపపువ్వు తగిలి, ఇన్నింగ్స్ అంతా ఉమ్ముతూనే ఉన్నాడు.

ఆట నేర్పడం ఈ పనిలో చిన్న భాగం. పెద్ద భాగం మట్టిపని. పిచర్, అంటే బంతి వేసేవాడు, నిలబడే మట్టిదిబ్బని మౌండ్ అంటారు. అది 10 అంగుళాల ఎత్తుండాలి, అక్కడినుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్ 60 అడుగుల 6 అంగుళాలు. పిచర్ కాలు మోపిన చోట ప్రతి మ్యాచ్‌లో గుంట పడుతుంది. పొద్దున్నే వెళ్లి పాత మట్టి తవ్వి, నీళ్లు చల్లి, కొత్త బంకమట్టి వేసి దిమ్మిసతో కొట్టి చదును చేయాలి. మా నాయనమ్మ తెనాలిలో అరుగు అలికే పద్ధతి గుర్తొచ్చేది నాకు. నీళ్లు ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే మధ్యాహ్నానికి పెచ్చులు లేస్తుంది. వాన పడితే కాల్చిన మట్టి గుళికల సంచులు, ఒక్కోటి 50 పౌండ్లు, మోసుకొచ్చి ఇన్‌ఫీల్డ్ మీద చల్లి నీళ్లు పీల్పించాలి. ఇప్పుడు డబ్బున్న డిస్ట్రిక్టుల్లో కృత్రిమ గడ్డి వేశారు, మీ వాడికి ఆ బాధ తప్పొచ్చు.

ఫంగో అని సన్నగా, పొడుగ్గా, తేలిగ్గా ఉండే బ్యాట్ ఒకటుంటుంది. మ్యాచ్‌లో వాడరు, ఫీల్డింగ్ ప్రాక్టీస్ కోసం కోచ్ బంతులు కొట్టే బ్యాట్ అది. ఎడమ చేత్తో బంతి ఎగరేసి, కుడిచేతిలో బ్యాట్‌తో, షార్ట్‌స్టాప్‌కి ఎడమ పక్క రెండడుగుల దూరంలో రెండో గెంతుకు పడేలా కొట్టాలి. రోజుకి రెండు మూడు వందల బంతులు. అన్నిటికన్నా కష్టం క్యాచర్ కోసం నిట్టనిలువుగా పైకి కొట్టడం. అది నాకు పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది. అప్పటిదాకా పిల్లలు మర్యాదగా వేరే వైపు చూసేవాళ్లు. మీ వాడు నిజంగా కోచ్ అయ్యే రకమో కాదో తెలియాలంటే చేతికి ఫంగో ఇచ్చి, ఎదురుగా తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి నిలబెట్టి చూడండి. వాడి బలం చూపిస్తాడా, ఆ పిల్లాడికి అందేలా కొడతాడా!

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ ఉద్యోగంలో నిద్ర పట్టని రాత్రులు రెండు రకాలు.

మొదటిది ట్రైఔట్స్ (టీమ్‌కి పిల్లల్ని ఎంచుకునే పరీక్షలు) అయ్యాక వచ్చే రాత్రి. 70 మంది వస్తారు. ఫ్రెష్‌మన్ (తొమ్మిదో తరగతి జట్టు), జేవీ (రెండో జట్టు), వర్సిటీ అన్నీ కలిపినా 45 మందికి మించి చోటుండదు. నేను చేరిన కొత్తలో జిమ్ తలుపు మీద లిస్ట్ అంటించేవాళ్లం. పొద్దున ఏడింటికి పిల్లలొచ్చి వేలు పెట్టి పేర్లు వెతుక్కునేవాళ్లు. ఒక పిల్లాడు వేలు పైనుంచి కిందకి రెండుసార్లు దించి, మూడోసారి ఇంటిపేరు బదులు తన మొదటి పేరుతో వెతికాడు. నేను కిటికీలోంచి చూశాను. హెడ్ కోచ్ అయ్యాక లిస్ట్ అంటించడం మానేసి, ఒక్కొక్కణ్ణి గదిలోకి పిలిచి మూడు నిమిషాలు మాట్లాడి చెప్పడం పెట్టుకున్నాను. దానికి అలవాటు పడిపోతామనుకోకండి, ఎన్నేళ్లైనా పడం. ఒక ఏడాది పదకొండో తరగతి కుర్రాడు, రెండేళ్లు ప్రతి సాయంత్రం మాతో ఉన్నవాడు, మొత్తం విని ఒక్కటే అడిగాడు. "కోచ్, రేపట్నుంచి స్కూల్ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుంది?" రెండేళ్లలో వాడికి ఆ బస్సు ఎక్కే పని పడలేదు. నాకూ తెలియదు. ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని చెప్పాను. 3:50.

రెండోది చేతుల గురించి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, అయినా చెబుతాను. నేను సెకండ్ బేస్‌మన్‌ని, పిచింగ్ నాకు పుస్తకాల్లో తెలిసిందే. హెడ్ కోచ్ అయిన రెండో ఏడాది, 2002, ప్లేఆఫ్స్‌కి పోతామా లేదా తేలే మ్యాచ్. హైస్కూల్లో మ్యాచ్ ఏడు ఇన్నింగ్స్ (రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్). ఆ రోజు సమానంగా ఉండి తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వెళ్లింది. మా ఎడమచేతి పిచర్‌కి 17 ఏళ్లు. ప్రతి ఇన్నింగ్స్ అయ్యాక "చెయ్యి ఎలా ఉంది?" అని అడిగాను, "బాగుంది కోచ్" అన్నాడు. పదిహేడేళ్లవాడు, ఊరంతా చూస్తుంటే, ఇంకేమంటాడు? గెలిచాం. రాత్రి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని స్కోర్‌బుక్ లెక్కపెడితే 143 బంతులు. మరుసటి వారం వాణ్ణి మళ్లీ దింపాను. ఇన్నింగ్స్ మధ్యలో నీళ్ల సీసా కుడిచేత్తో తీసుకోవడం చూశాను. ఎడమచేతి వాటం వాడు. చూసి కూడా ఇంకో ఇన్నింగ్స్ ఆడించాను. మోచేతి లోపలి లిగమెంట్ తెగింది. కాలేజీలో ఆడాలనుకున్నవాడు, ఆడలేదు.

ఆ లిగమెంట్‌ని బాగుచేసే ఆపరేషన్‌ని టామీ జాన్ సర్జరీ అంటారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదట చేసింది లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు పిచర్ టామీ జాన్‌కి, ఆయన ఆ తర్వాత 1989 దాకా ఆడాడు. అందుకే జనం అదేదో పన్ను పీకించుకున్నట్టు మాట్లాడతారు. ఏడాదికి పైగా బంతి సరిగా వేయలేరు, కొందరు మునుపటిలా ఎప్పటికీ వేయలేరు. మనవాళ్లకి తెలిసిన పేరు చెప్పాలంటే పిచర్ కుమార్ రాకర్. వాళ్ల అమ్మగారి తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినవాళ్లు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు ఎంచుకుని కూడా వైద్య పరీక్షల తర్వాత కాంట్రాక్ట్ ఇవ్వలేదు. 2022లో మన టెక్సస్ రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకున్నారు, 2023లో ఇదే సర్జరీ, 2024 సెప్టెంబర్‌కి గానీ మేజర్ లీగ్ మ్యాచ్ ఆడలేదు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికే అలా ఉంటే! జపాన్‌లో అయితే 2013లో అన్‌రాకు అనే 16 ఏళ్ల కుర్రాడు స్కూల్ టోర్నమెంట్‌లో అయిదు మ్యాచ్‌ల్లో 772 బంతులు వేశాడు. అక్కడ దాన్ని వీరత్వమని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ ఏడాది మే నెల నుంచి నా జేబులో బంతులు లెక్కపెట్టే క్లిక్కర్ ఉండేది. బంతికో నొక్కు, 95 దగ్గర ఆపడం. ఎంత పెద్ద మ్యాచైనా సరే. దానివల్ల కొన్ని మ్యాచ్‌లు పోయాయి, గ్యాలరీలోంచి తిట్లూ పడ్డాయి. 2017 సీజన్ నుంచి అమెరికాలో దాదాపు అంతటా హైస్కూళ్లలో బంతుల పరిమితి తప్పనిసరి అయింది. టెక్సస్‌లో వర్సిటీకి రోజుకి 110, 85 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి. మా కాలంలో ప్లేఆఫ్స్‌లో ఒకే మ్యాచ్ ఆడాలా, మూడింట్లో రెండు గెలవాలా అన్నది కోచ్‌లిద్దరికీ కుదరకపోతే నాణెం ఎగరేసేవాళ్లం. ఒక్కడే గొప్ప పిచర్ ఉన్నవాడు ఒక్క మ్యాచే కావాలంటాడు. ఆ నాణెం గాల్లో ఉన్నంతసేపు ఎవరి చేతి గురించి ఎవరూ ఆలోచించేవాళ్లు కాదు, నాతో సహా.

ఆ కుర్రాడు ఇప్పుడు ఏసీలు బాగుచేసే వ్యాపారం నడుపుతున్నాడు. రెండేళ్ల కిందట మా ఇంటికి వచ్చాడు. నవ్వుతూనే మాట్లాడాడు, డబ్బులు తీసుకోనన్నాడు, బలవంతాన ఇచ్చాను. యూనిట్ ఎత్తేటప్పుడు ఎడమ చెయ్యి పూర్తిగా చాచడు. వాడేమీ అనలేదు, నేనే చూశాను.

తల్లిదండ్రుల గురించి ఎక్కువ రాయను, మీరూ ఒకరు కాబట్టి. కాకి పిల్ల కాకికి ముద్దు. సెలెక్ట్ టీమ్‌లకీ (స్కూల్ బయట ఫీజు కట్టి ఆడే జట్లు) ప్రైవేట్ బ్యాటింగ్ పాఠాలకీ ఏటా వేలకు వేలు పోసి, ఆ డబ్బు స్కాలర్‌షిప్ రూపంలో తిరిగొస్తుందనుకుంటారు. హైస్కూల్లో బేస్‌బాల్ ఆడేవాళ్లలో నూటికి ఏడుగురో ఎనిమిది మందో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంస్థ) కింద ఉన్న కాలేజీల్లో ఆడతారు. నేను కోచింగ్ చేసిన రోజుల్లో డివిజన్ 1 (అందులో పై స్థాయి) టీమ్ మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటిని పాతిక మందికి పైగా ముక్కలు చేసి పంచేవాళ్లు. ఈ మధ్య ఆ నియమాలు మారాయి, అయినా పూర్తి ఫీజు వచ్చేవాళ్లు తక్కువే. మీ వాడు ఈ లెక్క తెలిసి కోచింగ్ అంటున్నాడంటే వాడికి కాస్త బుర్ర ఉన్నట్టే.

చేతిలో ఏం మిగులుతుందన్నారు. పెన్షన్ ఉంది. ఇక్కడ టీఆర్‌ఎస్ అంటే మన తెలంగాణ పార్టీ పాత పేరు కాదు, టీచర్ రిటైర్మెంట్ సిస్టమ్. సర్వీసు ఏడాదికి 2.3 శాతం చొప్పున, ఎక్కువ జీతం వచ్చిన అయిదేళ్ల సగటు మీద కడతారు. ముప్పై ఏళ్లకి 69 శాతం. నాలాంటి పాతవాళ్లకి వయసూ సర్వీసూ కలిపి 80 అయితే చాలు, ఇప్పుడు చేరేవాళ్లకి 62 ఏళ్లు కూడా నిండాలి. సాఫ్ట్‌వేర్‌లో మీరు సంపాదించేదాంట్లో సగం కూడా రాదు. ఇల్లు కట్టాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను, అయితే మా ఆవిడ ఫార్మసిస్ట్. అది దాచకుండా చెప్పాలి.

నిజానికి నేను 2020లోనే దిగిపోవాలనుకున్నాను. ఆ ఏడాది మార్చి మధ్యలో కోవిడ్‌తో సీజన్ ఆగిపోయింది, ఏప్రిల్‌లో పూర్తిగా రద్దు చేశారు. పన్నెండో తరగతి పిల్లలు ఏడుగురు. యూనిఫామ్‌లు తిరిగిచ్చే రోజు ఒక్కొక్కరే కారులో వచ్చి, అద్దం దించి, సంచి అందించి వెళ్లారు. కరచాలనం కూడా లేదు. అలా ముగించబుద్ధి కాక ఇంకో ఏడాది చేశాను.

మీ వాడికి నచ్చజెప్పే పని పెట్టుకోకండి. ఈ వేసవిలో మీ దగ్గర్లోని యూత్ లీగ్‌లో ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల టీమ్‌కి సాయంగా వెళ్లమనండి, డబ్బులివ్వరు. సాయంత్రం ఇంటికొచ్చాక ఏం జరిగిందని అడగండి, అంతే. వారం పది రోజులు బాగా ఆడేవాడి కబుర్లే చెబుతాడు, అది మామూలే. జూలైకి కూడా వాడి గురించే చెబుతుంటే మీ వాడికి ఆట ఇష్టం, కంప్యూటర్ సైన్స్ చదివించి ఆదివారాలు ఆడుకోమనండి. అలా కాకుండా, బంతి వస్తే కళ్లు మూసుకునే పిల్లాడు ఒకడుంటాడు, ప్రతి టీమ్‌లోనూ ఉంటాడు, వాడు ఇవాళ కళ్లు తెరిచాడని అన్నం తింటూ చెప్పాడనుకోండి, అప్పుడు నాకు మెసేజ్ పెట్టండి. సర్టిఫికేషన్ పరీక్షలకి ఎలా చదవాలో, ఏ డిస్ట్రిక్టులకి అప్లికేషన్ పెట్టాలో ఫోన్లో మాట్లాడుకుందాం. నా పాత ఫంగో కూడా ఒకటి గ్యారేజీలో ఉంది.